మూడిళ్ళ బెర్డాన్

చైనాకి పడమటి కొండల్లోని మా కోచ్‌కోర్ ట్రాక్టర్ల వర్క్‌షాపులో పనిముట్ల గది ఇరవై రెండేళ్ళు నా చేతిలో ఉండేది. ఎవరు ఏ రెంచి తీసుకెళ్ళారు, ఎవరు ఏ కొలపరికరం తిరిగివ్వలేదు, ఎవరు విరగ్గొట్టి విరగలేదని బొంకారు, ఇదే నా లోకం. ఆ ఇరవై రెండేళ్ళలో నాతో ఒక్కసారి కూడా బొంకని మనిషి కలీచా అక్క.

ఆవిడ టర్నర్. లేతు మెషీను మీద ఇనుము చెక్కడం ఆవిడ పని. 1944లో, మగవాళ్ళంతా యుద్ధానికి పోయినప్పుడు, పదమూడేళ్ళ పిల్లని తెచ్చి ఆ మెషీను ముందు నిలబెట్టారు. హ్యాండిల్ అందక కాళ్ళ కింద చెక్కపెట్టె వేసుకునేదట. నేను ఉద్యోగంలో చేరేసరికి పెట్టె అక్కర్లేదు గాని, ఆ చెక్కపెట్టె మాత్రం మెషీను కిందే ఉండేది. దానిమీద కూర్చుని టీ తాగేది. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, తలకి ఎప్పుడూ తెల్ల గుడ్డ. మాట తక్కువ. కొలపరికరం తీసుకోకుండానే బొటనవేలి గోరుతో తడిమి, "ఇది వెంట్రుకవాసి ఎక్కువుంది" అనేది. తర్వాత కొలిచి చూస్తే వెంట్రుకవాసే ఎక్కువ ఉండేది. భర్త లారీ డ్రైవరు, చిన్నవయసులోనే పోయాడు. ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసి నరీన్ పట్నం పంపించింది. అంతకు మించి ఆవిడ గురించి చెప్పుకోవడానికేమీ లేదని నేను చాలాకాలం అనుకున్నాను.

వర్క్‌షాపు మూతపడింది. కప్పు రేకులు ఎవరో ఊడదీసుకుపోయారు. మెషీన్లన్నీ తుక్కు కింద లారీలెక్కి కొండలు దాటి చైనాకి పోతున్నాయి. కలీచా అక్క డైరెక్టరు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నా లేతుని బండెక్కిస్తే దాంతోపాటు నన్నూ ఎక్కించండి. ఇద్దరం ఒకే వయసు తుక్కు" అంది.

డైరెక్టరు తీసుకుపొమ్మన్నాడు. మేం ఆరుగురం దుంగల మీద దొర్లించుకుంటూ ఆ మెషీనుని ఆవిడ పశువులపాకలోకి చేర్చాం. ఆవు ఒక పక్క, లేతు ఒక పక్క. పిండిమరకి వాడే మోటారు ఒకటి దానికి బిగించింది. ఊళ్ళోవాళ్ళ బండి ఇరుసులూ గేటు మడతబందులూ చేసిపెడుతూ కాలం గడుపుతోంది.

అసలు సంగతి 1996 వసంతంలో జరిగింది. ఆవిడ మేనత్త ఉముత్కాన్‌కి అప్పటికి ఎనభై ఏడేళ్ళు. మా లోయ మొత్తానికి గొర్రె ఉన్నితో గుడారం పట్టీలు నేయడంలో ఆవిడకి సాటి లేరు. ఆ ఏడు కళ్ళు మసకబారి, పోగు దొరకడం లేదని మగ్గం విప్పేయమంది. మగ్గమంటే నేలమీద పరిచే మా పాతకాలపు మగ్గం, నాలుగు కర్రలూ కొన్ని తాళ్ళూ. విప్పడానికి కలీచా అక్క వెళ్ళింది. కర్రలు మోయడానికి నన్ను రమ్మంది.

నేసిన పట్టీని చుట్టుకునే కడ్డీ ఒకటి ఉంటుంది. అందరి మగ్గాల్లో అది చెక్కది. ఉముత్కాన్ అత్తది ఇనపది. కలీచా అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, అలాగే ఆగిపోయింది. బొటనవేలు ఒక చివర నుంచి నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. కడ్డీ పొడవునా గుండ్రం. ఆ చివర మాత్రం ఎనిమిది పలకలు.

"ఏమే, దెయ్యం కనబడ్డట్టు అలా నిలబడ్డావేంటి?" అంది మేనత్త.

"అత్తా, ఈ కడ్డీ ఎక్కడిది?"

"మగ్గం కడ్డీ. అరవై ఆరేళ్ళుగా దీనిమీదే నేస్తున్నా. నీ పెళ్ళికి కట్టిన గుడారం పట్టీలు కూడా దీనిమీదే నేశా."

"ఇది తుపాకి గొట్టం అత్తా."

"ఆహా" అంది ముసలావిడ తాపీగా. "అవునే. తుపాకి గొట్టమే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదుగా."

ఆ రోజు టీ చల్లారిపోయేదాకా ఆవిడ చెప్పింది. తుపాకి ఆవిడ తండ్రిది, అంటే కలీచా అక్క తాత ఎసెన్‌గుల్‌ది. జార్ చక్రవర్తి సైన్యం వాడిన బెర్డాన్ రైఫిలు. ఉర్కున్ ఏడాది, అంటే 1916లో మా జనం జార్ మీద తిరగబడినప్పుడు, బూమ్ లోయలో పట్టుబడ్డ సైనికుల బండ్లలో దొరికిందని ఇంట్లో అనుకునేవారట. తర్వాత 1930లో, తుపాకులన్నీ అప్పగించాలని ఊరూరా చాటించారు. అప్పటికి ఎసెన్‌గుల్ లేడు. ఆయన పిల్లలు ముగ్గురూ ఒకచోట కూర్చున్నారు. పెద్దవాడు జుమాదిల్, రెండోవాడు కలీచా నాన్న చినీబాయ్, ఆఖరిది ఉముత్కాన్.

"మా పెద్దన్నయ్య అన్నాడు, 'గొట్టం ఒక్కటే ఉంటే అది తుపాకి కాదు, పైపు. కర్ర ఒక్కటే ఉంటే అది పొయ్యిలో కట్టె. బోల్టు ఒక్కటే ఉంటే అది తలుపు గడియ. ముగ్గురం తలొకటీ తీసుకుందాం, ఎవడొచ్చి వెతికినా మన ముగ్గురిళ్ళల్లో ఎక్కడా తుపాకి ఉండదు' అని. నాకు గొట్టం వచ్చింది. మగ్గానికి కట్టుకున్నా. సోదా చేసేవాళ్ళు మూడుసార్లు వచ్చి, మగ్గం పక్కనే కూర్చుని నేనిచ్చిన టీ తాగి వెళ్ళారు."

అన్నదమ్ములిద్దరూ తర్వాత వచ్చిన యుద్ధంలో పోయారు. అంతటితో ఆ మాట ఉముత్కాన్ అత్త దగ్గరే ఆగిపోయింది.

కలీచా అక్క కడ్డీని గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకొచ్చింది. తన పనిముట్ల పెట్టె తెరిచి, అడుగు నుంచి నూనెగుడ్డ మూట ఒకటి తీసింది. అందులో అరచేతి కన్నా కొంచెం పొడవైన నల్లటి ఇనపముక్క, పక్కకి చిన్న పిడి. అది నాకు తెలుసు. వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళు ఆవిడ పెట్టెలో చూశాను. ఏంటక్కా అంటే "నాన్న వస్తువు" అనేది. వాళ్ళమ్మ చనిపోయే ముందు చేతిలో పెట్టి, ఎవరికీ చూపించొద్దని చెప్పిందట. తుపాకి బోల్టని ఆవిడకి తెలుసు. ఏ తుపాకిదో తెలియదు.

గొట్టం పలకల మీద పట్టిన ఉన్ని జిడ్డుని కిరసనాయిలుతో తుడిచింది. మెల్లగా అక్షరాలు తేలాయి. రెండు తలల గద్ద ముద్ర, 1878 అనే అంకె, పక్కన నంబరు: 61482. నేను బోల్టుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. పిడి మొదట్లో, ఈగ కాళ్ళంత సన్నగా, అయిదు అంకెలు. పైకి చదివాను. అరవై ఒకటి, నాలుగు వందల ఎనభై రెండు.

ఆవిడ నా చేతిలోంచి బోల్టు లాక్కుని తనే చూసింది. తర్వాత చెక్కపెట్టె మీద కూర్చుండిపోయింది. రెండు వీధుల దూరంలో ఉన్న రెండు ఇనపముక్కలు అరవై ఆరేళ్ళపాటు ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండా ఉన్నాయి. ఒకదాని మీద అత్త నేసింది, ఇంకోదాన్ని మేనకోడలు మోసింది. ఆవు మాత్రం గడ్డి నములుతూ మా ఇద్దరి వంకా చూసింది.

మూడో వాటా జుమాదిల్ కొడుకు బైషెన్‌కుల్ ఇంట్లో ఉండాలి. అతను గుర్రాల కాపరి. కొండ మొదట్లో తండ్రి కట్టిన మట్టి ఇల్లు, పక్కనే గుర్రాల దొడ్డి. మేం వెళ్ళేసరికి జీను కుట్టుకుంటున్నాడు. కలీచా అక్క చెప్పిందంతా విన్నాడు.

"మా నాన్న పోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు అక్కా. నాకేం చెప్పి పోతాడు?"

"మీ అమ్మ ఏమైనా అందా?"

అతను కాసేపు సూది ఆపాడు. "దొడ్డి ఉత్తరం గోడకి సున్నం కొట్టనిచ్చేది కాదు. ఆ గోడ జోలికి పోవద్దురా అనేది. పాములున్నాయేమో అనుకున్నా."

"గునపం ఏదీ?"

"ఆగాగు. ఓ కర్రముక్క కోసం నా దొడ్డి గోడ పగలగొడతావా? చలికాలం గుర్రాలు ఎక్కడ పడుకుంటాయి, నీ ఇంట్లోనా?"

"పడుకోనీ. నీకంటే మర్యాదగానే పడుకుంటాయి."

గొణుగుతూనే గునపం తెచ్చాడు. గోడ మోకాటి ఎత్తున ఒకచోట ఇటుకలు నిలువుగా పేర్చి ఉన్నాయి. రెండు ఊడదీసేసరికి గుర్రపుతోలు కనబడింది. సన్నటి నరంతో కుట్టిన పొడవాటి సంచి. బైషెన్‌కుల్ దాన్ని బయటికి లాగి, కుట్టు చూసి, చేతిలోని కత్తి కింద పెట్టేశాడు.

"ఇది మా నాన్న కుట్టు" అన్నాడు. "నాన్న దగ్గర నేర్చుకుని నాకు నేర్పిన మా మేనమామ కూడా ఇలాగే కుట్టేవాడు. కోయను. విప్పుతా."

ఒక్కో కుట్టే విప్పుతూ పోతే గంట పట్టింది. లోపల తుపాకి కర్ర. మడమ వైపు సగానికి సగం ఎలుకలు కొట్టేశాయి, మిగిలిందాన్ని పురుగు తొలిచింది. కాని బోల్టు కూర్చునే ఇనుప ఒర మాత్రం గొర్రె తోక కొవ్వులో ముంచి పెట్టారు. అది కొవ్వొత్తిలా గట్టిపడి, ఇనుముని గాలి తగలకుండా కాపాడింది. గోటితో గీరితే కింద నీలంగా మెరిసింది. కలీచా అక్క జేబులోంచి బోల్టు తీసి అందులో పెట్టి తోసింది. ఎక్కడా ఆగకుండా జారి, పిడి తిప్పితే చిన్నగా "టక్" మని కూర్చుంది. ముగ్గురం ఆ చప్పుడు విన్నాం. బైషెన్‌కుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలియదనుకుంటాను.

ఆ మర్నాటి నుంచి పాకలో పని మొదలైంది. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. నాకు మాత్రం వేరే పనేముంది?

ముందు గొట్టం. రెండు చివరలా మైనంతో, ఉన్నితో బిగించి మూసి ఉంది. వేడినీళ్ళు పోసి మైనం కరిగించి, సన్నటి కడ్డీతో ఉన్ని లాగింది. తర్వాత నూనెగుడ్డ తొమ్మిదిసార్లు నడిపింది. మొదటి గుడ్డ మట్టిరంగు, తొమ్మిదోది తెలుపు. గొట్టాన్ని వాకిలి వెలుతురు వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. నాకు భయం వేసింది.

"తుప్పు తినేసిందా అక్కా?"

గొట్టం నా చేతికిచ్చింది. నేను చూశాను. లోపల ఆరు గాడులు, మెలితిరిగిన ఆరు వెలుగు దారాలు, ఆ చివరన ఉన్న చిన్న గుండ్రటి ఆకాశం వైపు తిరుగుతూ పోతున్నాయి. ఎక్కడా ఒక మచ్చ లేదు. నేను జీవితంలో చూసిన ఇనపవస్తువుల్లో అంత అందమైనది ఇంకోటి లేదు.

"నూట పద్దెనిమిదేళ్ళ క్రితం" అంది కలీచా అక్క, "కరెంటు మోటారు లేదు. నీళ్ళచక్రమో ఆవిరో తిప్పుతుంటే ఎవడో ఇలాగే మెషీను ముందు నిలబడి దీన్ని కోశాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కచోట చెయ్యి వణకలేదు. వాడి పేరు కూడా ఎవరికీ తెలీదు కదా."

ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

బోల్టులో తూటా అడుగున ఉండే మందుగుండు టోపీని కొట్టే సూది మొన తుప్పుపట్టి ఊడిపోయింది. పాత ట్రాక్టర్ ఇంజన్ కడ్డీలోంచి కొత్తది చెక్కింది. మొదటిది మరీ గట్టిగా వచ్చి విరిగింది. రెండోది మెత్తనై వంగింది. మూడోదాన్ని గడ్డివాము రంగు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచితే నిలబడింది. లోపలి స్ప్రింగు చుట్టడానికి నాలుగు రోజులు. కర్రకి ముందుభాగం పాతదే ఉంచి, ఎలుకలు తిన్న మడమ వరకు కోసేసి, ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డు నుంచి తెప్పించిన ఎండు ఆప్రికాట్ దుంగ అతికింది. అతుకు కనబడకుండా చేయగలదు, కాని చేయలేదు.

"కొత్తది కొత్తదిలాగే కనబడాలి" అంది. "దొంగతనంగా కలపడం నాకిష్టం లేదు."

తూటాలు ఎక్కడా దొరకవు. ఆ సైజు తూటా తయారవడం మానేసి ఒక మనిషి జీవితకాలం దాటింది. తూటా కూర్చునే గది లోపల సరిగ్గా ఎంత వెడల్పో తెలియాలంటే కొలపరికరం అంత లోతుకి వెళ్ళదు. ఆవిడ గంధకం కరిగించి అందులో పోసింది. చల్లారాక తలకిందులు చేసి తడితే, పసుపుపచ్చ గంధకపు తూటా ఒకటి అరచేతిలో పడింది. నూరేళ్ళ క్రితంనాటి తూటా ఆకారం గాజుబొమ్మలా కూర్చుంది. దాన్ని చూసి కొలుచుకుంటూ ఇత్తడి కడ్డీలోంచి ఒక్కో ఖాళీ తూటాని చెక్కింది. మెడ సన్నం, కడుపు లావు, గోడ గుడ్డుపెంకు కన్నా కొంచెం మందం. మొదటి రెండూ పాడయ్యాయి. పాడైనవాటిని ఆవిడ విసిరేయలేదు, వరసలో పెట్టింది. సీసం కరిగించి గుళ్ళు పోసింది. ఆ కాలంలోలాగే ఒక్కో గుండుకీ పల్చటి కాగితం రెండు చుట్లు చుట్టింది. దానికి వర్క్‌షాపు పాత నమూనాల పల్చకాగితం వాడింది. అలా ట్రాక్టరు గేరుపెట్టె బొమ్మలు గుళ్ళ చుట్టూ చేరాయి.

ఈలోగా ఊరంతా పాకింది. ఓ మధ్యాహ్నం పోలీసు తలాయ్‌బెక్ వచ్చాడు. కుర్రాడే, వర్క్‌షాపు వంటమనిషి కొడుకు.

"కలీచా పెద్దమ్మా, మీ పాకలో ఫిరంగి తయారవుతోందట కదా."

"విన్నవాడివి చూసి పో. చెప్పులు బయట విడువు, ఆవు ఇప్పుడే పేడేసింది."

"నవ్వులాట కాదు పెద్దమ్మా. తుపాకంటే కాగితాలుండాలి. ఎందుకు వాడతారో రాయాలి. వేటకా, అలంకారానికా?"

"వేటకే రాసుకో."

"ఈ వయసులో ఏం వేటాడతావు?"

"ముందు నీలాంటివాళ్ళతో మొదలుపెడతా."

అతను నవ్వి, గొట్టం తీసుకుని వాకిలి వైపు ఎత్తాడు. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూశాక గొట్టాన్ని రెండు చేతులతో, నిద్రపోతున్న బిడ్డని పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టాడు. "పేల్చే రోజు నన్నూ పిలు పెద్దమ్మా. నేను లేకుండా పేలిస్తే కేసు రాయాలి" అని వెళ్ళిపోయాడు. మాట పోలీసు గొంతుతోనే అన్నాడు గాని, కళ్ళు మాత్రం వేరేలా ఉన్నాయి.

తూటాలు ఎన్ని చేయాలని అడగడానికి మేమిద్దరం ఉముత్కాన్ అత్త దగ్గరికి వెళ్ళాం. తాత దగ్గర ఎన్నుండేవో ఆవిడకి గుర్తుండొచ్చని. ఆవిడ ఎండలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏడు" అంది వెంటనే. "బెదెల్ కనుమ ఎక్కేటప్పటికి ఏడు."

"మనుషుల మీద పేల్చాడా అత్తా?" అని అడిగింది కలీచా అక్క. ఈ ప్రశ్న అన్నాళ్ళుగా ఆవిడ మనసులో మోస్తోందని నాకు అప్పుడు తెలిసింది.

"నువ్వు అదనుకుంటున్నావా?" అంది ముసలావిడ. "అంతకు ముందు పేల్చాడేమో, నాకు తెలీదు. కనుమ మీద మాత్రం నేను పక్కనే ఉన్నా. నాకు ఏడేళ్ళు. సైనికులు వెనక తరుముతున్నారని జనం పిల్లామేకా మందలతో చైనా వైపు పోతున్నారు. మిట్టమధ్యాహ్నం మంచు దిగింది. ఎక్కిన గుర్రం జూలు కూడా కనబడ్డం లేదు. జనం చెదిరిపోయారు. ఒకరి కేక ఒకరికి వినబడ్డం లేదు, గాలి లాగేసుకుంటోంది. మా నాన్న దారి మలుపులో ఓ బండ చాటున కూర్చున్నాడు. నన్ను కోటులోకి లాక్కున్నాడు. తుపాకి ఆకాశం వైపు ఎత్తి పేల్చాడు. తర్వాత ఊరికే కూర్చున్నాడు. టీ కాగేంత సేపు. అప్పుడు తెల్లటి గాల్లోంచి ఒకావిడ వచ్చింది, దూడని మెడమీద వేసుకుని. చప్పుడు విని వచ్చానంది. మళ్ళీ పేల్చాడు. ఈసారి పదకొండుమంది. మూడోసారి, నాలుగోసారి కూడా వచ్చారు. ఐదోసారి ఎవరూ రాలేదు. పోదాం పద అని మా అన్నయ్య ఏడ్చాడు. నాన్న ఆరోది పేల్చాడు."

ఆవిడ ఆగి చేత్తో కళ్ళమీద ఎండ తప్పించుకుంది.

"ఆరోదానికి ఒక్కడొచ్చాడు. పాక్కుంటూ వచ్చాడు. ఎవరనుకున్నావు, మేతబీడు దగ్గర మా నాన్నని కొరడాతో కొట్టినవాడు. రెండేళ్ళ పగ. నాన్న కోటు విప్పి వాడికి కప్పాడు, నన్ను చొక్కాలోకి దూర్చుకున్నాడు."

"మరి ఏడోది అత్తా?"

"దాచాడు. ఎందుకో చెప్పలేదు. ఎందుకో మేమూ అడగలేదు."

ఇంటికి వచ్చాక కలీచా అక్క లేతు వేసింది, ఆపేసింది. మళ్ళీ వేసింది, ఆపేసింది. తన చేతుల వంక చూసుకుంది. "ఇవాళ పని చేస్తే పాడుచేస్తాను" అని పాక తలుపు మూసింది. యాభై రెండేళ్ళ పనిలో అలా తలుపు మూసిన రోజు అదొక్కటేనట.

ఆగస్టులో బైషెన్‌కుల్ వేసవి మేతకి గుర్రాలు తోలుకెళ్ళే కొండబయలుకి చేరాం. ముందురోజే తుపాకిని పాత టైరుకి కట్టి, రాతిగోడ చాటు నుంచి తాడు లాగి ఒకసారి పేల్చి చూసింది. పగల్లేదు, చీలలేదు. వేటగాళ్ళ దగ్గర దొరికే నల్లటి పొగమందే వాడింది. ఉముత్కాన్ అత్తని బైషెన్‌కుల్ తన పాత కారులో దిండ్ల మధ్య కూర్చోబెట్టి తెచ్చాడు. తలాయ్‌బెక్ పోలీసు టోపీతో సహా వచ్చాడు. గుడారం ముందు నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెలు, పులిసిన గుర్రపుపాల కుమిస్ గిన్నెలు. రెండు వందల అడుగుల అవతల రాతికుప్ప ముందు ట్రాక్టరు నాగలి ఇనప పళ్ళెం ఒకటి గుంజకి వేలాడదీశాం.

కలీచా అక్క బోర్లా పడుకోలేదు, మోకాలు మీద కూర్చుంది. గొట్టం కిందకి రెండు కాళ్ళ ఊతకర్ర పెట్టింది. తూటా తోసి, బోల్టు మూసింది. ఊపిరి వదిలింది.

నేను ఇప్పటి తుపాకుల చప్పుడు విన్నాను. అవి చెవిలో చీలికలా తగులుతాయి. ఇది అలా కాదు. ఇది ఛాతీలో తగిలింది. తెల్లటి పొగ గుడారమంత లేచి, ఆవిణ్ణి మొత్తం కప్పేసింది. ఆ పొగలోంచి మనిషి కనబడకముందే ఎదురుకొండ ఒకసారి పలికింది, దాని వెనక కొండ ఇంకోసారి, ఆ తర్వాత ఎక్కడో మంచుశిఖరాల్లో మూడోసారి మెల్లగా, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు. గుర్రాలన్నీ తలలెత్తి ఒకే వైపు తిరిగాయి. గుండు పళ్ళేనికి తగల్లేదు, పక్కన రాళ్ళ మీద దుమ్ము లేచింది.

రెండోదానికి పళ్ళెం మోగింది. పొగ కదిలే లోపల గంట కొట్టినట్టు, తేటగా. బైషెన్‌కుల్ "అబ్బ" అని మాత్రం అన్నాడు. మూడోది అతను పేల్చాడు, భుజం పట్టుకుని వెనక్కి కూర్చున్నాడు. నాలుగోది తలాయ్‌బెక్ పేల్చి, పొగలోంచి మసిముక్కుతో బయటికి వచ్చాడు.

"కేసు రాస్తావా?" అంది కలీచా అక్క.

"ఏ కలంతో రాయను పెద్దమ్మా, చేతులు ఆడటం లేదు."

అప్పుడు ఉముత్కాన్ అత్త చెయ్యి చాపింది. "ఇటివ్వండర్రా దాన్ని."

కలీచా అక్క తుపాకి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ముసలావిడ కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ గొట్టం మీద, పలకలున్న చోట పెట్టింది. వేళ్ళు చుట్టి పట్టుకుంది.

"వెచ్చగా ఉంది" అంది.

వేళ్ళు ఇంకాస్త బిగించింది.

"ఆ రోజు నాన్న పేల్చినప్పుడల్లా నా చేతులు తీసి ఇక్కడ పెట్టేవాడు. వేళ్ళు కొంకర్లు పోతాయని. కొంచెమే వెచ్చన, చిన్నపిల్ల ఊపిరంత. ఇంకోసారి పేల్చు నాన్నా అనేదాన్ని. జనం కోసమని నాకేం తెలుసు, నా చేతుల కోసమే పేలుస్తున్నాడనుకున్నా." ఆవిడ కళ్ళు తెరవలేదు. "తర్వాత అరవయ్యారేళ్ళు దీన్ని పట్టుకుని నేశాను. ఎప్పుడు పట్టుకున్నా చల్లగానే ఉండేది."

కలీచా అక్క మేనత్త పక్కన గడ్డిమీద కూర్చుని, తన పెద్ద మొరటు చేతుల్ని ఆవిడ చేతుల మీద వేసింది. బైషెన్‌కుల్ కూడా వచ్చి ఒక చెయ్యి పెట్టాడు. గొట్టం చల్లారేదాకా ముగ్గురూ అలాగే ఉన్నారు. నేనూ తలాయ్‌బెక్ కొంచెం దూరం వెళ్ళి నిలబడ్డాం. అది వాళ్ళింటి సంగతి. పొగ అప్పటికి లోయలోకి దిగి, వాగు మీదుగా సన్నటి తెరలా సాగుతోంది. అంత పెద్ద కొండల మధ్య అంత చిన్న ఇనపముక్క ఎంతమందిని పిలవగలిగిందోనని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను.

మాంసం ఉడికింది రమ్మని గుడారంలోంచి పిలిచారు. కలీచా అక్క లేవలేదు.

"మాంసం ఆగుతుంది, మసి ఆగదు" అంది. పొగమందు మసిని అదే రోజు కడక్కపోతే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. కెటిల్‌తో సలసల కాగే నీళ్ళు గొట్టంలో పోయించింది. కుళ్ళిన గుడ్ల వాసనతో నల్లటి నీళ్ళు గడ్డిలోకి పారాయి. ఆరుసార్లకి నీళ్ళు తేరాయి. గుడ్డ నడపడం బైషెన్‌కుల్‌కి నేర్పింది. అతను తప్పు చేసినప్పుడల్లా చేతిమీద కొట్టింది.

ఉముత్కాన్ అత్త ఆ చలికాలంలోనే పోయింది. తుపాకికి కాగితాలు తలాయ్‌బెక్ దగ్గరుండి చేయించాడు. ఎందుకు వాడతారన్న చోట వేట అనే రాసి ఉంది. ఆ తర్వాత ఏడేళ్ళు, ప్రతి ఆగస్టులో, కలీచా అక్క ఆ బయలుకి వెళ్ళి మూడుసార్లు పేల్చేది. జింకని గాని, పిట్టని గాని కొట్టలేదు. 2003లో ఆపిల్స్ కోసే రోజుల్లో, లేతు పక్కన చెక్కపెట్టె మీద టీ తాగుతూ ప్రాణం విడిచింది. లేతుని నరీన్ బడిలో పెట్టారు. పిల్లలకి పని నేర్పుతున్నారు.

తుపాకి ఇప్పుడు బైషెన్‌కుల్ ఇంట్లో ఉంది. అతనికీ డెబ్బై దగ్గర పడ్డాయి. ఏడాదికోసారి నన్ను పిలుస్తాడు. నేను వెళ్ళి, గొట్టం మూతిలో బొటనవేలు తిప్పి, వెలుతురు వైపు ఎత్తి చూస్తాను.

"తుప్పు లేదు" అంటాను.

"ఉంటే అక్క ఊరుకుంటుందా?" అంటాడు అతను, కుమిస్ గిన్నె నా ముందుకి తోస్తూ.